మా చదువు గదిలో ప్రాక్సీ, అది రాసే చిట్టా



పోయిన నెల మా వేటపాలెం చదువు గది ఫొటో పెట్టినప్పుడు చాలామంది ఒకటే అడిగారు. ఒక్క డాంగిల్‌తో అయిదు కంప్యూటర్లు ఎట్టా నడుపుతున్నారు అని. అప్పుడు "ప్రాక్సీ పెట్టాం" అని ఒక్క ముక్కలో చెప్పి ఊరుకున్నా. అది ఎవరికీ సరిపోలేదు. అడిగిన వాళ్ళలో హాస్టళ్ళలో ఉండేవాళ్ళు, తండాల్లో ఇట్టాంటి గదే పెట్టాలనుకునే వాళ్ళు ఉన్నారు కాబట్టి ఇప్పుడు వివరంగా రాస్తున్నా. పెద్ద పోస్టే, ఓపిక చేసుకోండి. సెట్టింగ్ సంగతి సగమే. మిగతా సగం ఆ సెట్టింగ్ వల్ల మా గదిలో వచ్చిన తగాదా.

మా ఊరు తెలియని వాళ్ళకి రెండు మాటలు. చీరాల పక్కనే. మొన్నటిదాకా ప్రకాశం జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి బాపట్ల జిల్లా. జీడిపప్పుకీ, మగ్గాలకీ పేరు. మాది ఎరుకల కుటుంబం. మా పెద్దోళ్ళు బుట్టలు అల్లారు. మా అమ్మా వాళ్ళు జీడిపప్పు పనికి పోతారు, మిరప కోతలొస్తే గుంటూరు వైపు పోతారు. గదికి మా పిల్లలే కాదు, యానాదుల పిల్లలు కూడా వస్తారు. గది మా మామ వరసయ్యే ఒక పెద్దాయనది, ఇంటి ముందు రేకుల షెడ్డు. ఆయన రిటైరయ్యాడు, అద్దె తీసుకోడు, కరెంటు బిల్లు కూడా ఆయనే కడతాడు. ఈ మాట ముందే చెబుతున్నా, ఎందుకంటే తగాదా ఆయనతోనే.

ప్రాక్సీ అంటే ఏందో చెబుతా. మామూలుగా మీ బ్రౌజర్ సైటు దగ్గరికి తనే పోద్ది. ప్రాక్సీ పెడితే తను పోదు. "నాకు ఇది కావాలి" అని చీటీ రాసి మధ్యలో ఉన్న ఇంకో కంప్యూటర్‌కి ఇస్తది. ఆ మధ్య కంప్యూటర్ పోయి తెచ్చి చేతిలో పెడతది. చీరాల పోయే మనిషికి చీటీ, డబ్బులు ఇచ్చి సరుకు తెప్పించుకోవడం లాగా. అవతల కొట్టువాడికి కనపడేది చీటీ రాసినోళ్ళు కాదు, సరుకు మోసుకొచ్చినోడు.

ఇందులో ఇంకో సులువుంది. ఒకసారి తెచ్చిన దాన్ని ఆ మధ్య కంప్యూటర్ దాచిపెట్టుకోగలదు. రెండోవాడు అదే అడిగితే మళ్ళీ బయటికి పోకుండా దాచింది ఇస్తది. ఈ సంగతి పిల్లలకి చెప్పేటప్పుడు నేను మా ఊరి సారస్వత నికేతనం చూపిస్తా. 1918లో మొదలైన గ్రంథాలయం అది. దాని భవనానికి గాంధీ 1929లో శంకుస్థాపన చేశాడు. పాత తెలుగు పేపర్లు, పత్రికలు అక్కడ దాచిపెట్టారు కాబట్టి పరిశోధన చేసేవాళ్ళు ఎక్కడెక్కడి నుంచో మా చిన్న ఊరికి వస్తారు. ఒకసారి తెచ్చి పెట్టింది వందేళ్ళుగా ఎంతమందో చదువుతున్నారు. ప్రాక్సీలో దాచే పనిని కేషింగ్ అంటారు. పేరు కొత్త, పని పాతదే.

మా ఏర్పాటు ఇది. అయిదు కంప్యూటర్లూ ఒక ఆఫీసులో పాతబడ్డాయని తీసేసినవి. అన్నిట్లో ఉబుంటు వేశాం. వాటిల్లో కాస్త బాగున్నదానికి డాంగిల్ గుచ్చాం. దాన్ని పిల్లలు "పెద్దపెట్టె" అంటారు. మిగతా నాలుగింటికి చిన్న స్విచ్ నుంచి వైరు. ఆ నాలుగింటికీ సొంతంగా నెట్ లేదు, పెద్దపెట్టె ద్వారానే రావాలి. పెద్దపెట్టెలో స్క్విడ్ అనే ప్రోగ్రాం వేశాం. ఉచితం. 1990ల నుంచీ ఉంది, నెట్ బాగా నెమ్మదిగా, ఖరీదుగా ఉన్న కాలంలో పుట్టింది. అందుకే మనలాంటి వాళ్ళకి ఇప్పటికీ అక్కరకొస్తది.

స్క్విడ్ వేసి వదిలేస్తే సరిపోదు, మూడు చోట్ల చెయ్యి పెట్టాలి. ఒకటి, అది మొదట్లో పక్క కంప్యూటర్లని రానివ్వకపోవచ్చు, "యాక్సెస్ డినైడ్" అంటది. దాని కాన్ఫిగరేషన్ ఫైల్లో మీ లోపలి నెట్‌వర్క్‌ని అనుమతించే వరస ఉంటది, దాని ముందు గుర్తు తీసెయ్యాలి. రెండు, డిస్క్ మీద దాచమని చెప్పే వరస కూడా మూసే ఉంటది. దాన్ని తెరిచి మేం 20 జీబీ ఇచ్చాం. మూడు, దాచే ఫైలు సైజు మామూలుగా 4 ఎంబీ దాటనివ్వదు. దాన్ని పెంచకపోతే మీకు నిజంగా పనికొచ్చే పెద్ద ఫైళ్ళు ఏవీ దాగవు.

ఇక బ్రౌజర్. ఫైర్‌ఫాక్స్‌లో సెట్టింగ్స్ తెరిచి, జనరల్‌లో అట్టడుగుకి పోతే నెట్‌వర్క్ సెట్టింగ్స్ అని ఉంటది. అక్కడ మాన్యువల్ ప్రాక్సీ కాన్ఫిగరేషన్ ఎంచుకోండి. హెచ్‌టీటీపీ ప్రాక్సీ అన్న గడిలో పెద్దపెట్టె అడ్రస్, మా దగ్గర 192.168.10.1. పోర్ట్ గడిలో 3128, స్క్విడ్ మామూలుగా కూర్చునే తలుపు నంబరు అది. కింద "హెచ్‌టీటీపీఎస్‌కి కూడా ఇదే వాడు" అన్న చోట టిక్కు పెట్టాలి. ఈ టిక్కు మర్చిపోతే ఇప్పుడున్న సైట్లలో దాదాపు ఏదీ తెరుచుకోదు. పెద్దపెట్టె మీదే కూర్చుని బ్రౌజర్ వాడేవాళ్ళకి అడ్రస్ 127.0.0.1. ఈ నంబరు ఏ కంప్యూటర్‌లో అయినా "నేనే, నా ఇల్లే" అని అర్థం. క్రోమ్‌కి సొంత గడులు లేవు, అది కంప్యూటర్ మొత్తానికి పెట్టిన ప్రాక్సీనే వాడుకుంటది. విండోస్ అయితే నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్ సెట్టింగ్స్‌లో ప్రాక్సీ అని ఉంటది, అక్కడ మార్చాలి.

ఎంత కలిసొచ్చింది అని కూడా అడిగారు. ఉన్నది ఉన్నట్టు చెబుతా. వెబ్‌సైట్ల వరకు కలిసొచ్చింది తక్కువే. ఎందుకంటే ఇప్పుడు సైట్లన్నీ హెచ్‌టీటీపీఎస్. అంటే బ్రౌజర్ తన చీటీని కవర్లో పెట్టి సీలు వేసి ఇస్తది. కవరు మీద సైటు పేరు ఒక్కటే కనపడతది. లోపల ఏముందో ప్రాక్సీకి తెలియదు, తెలియంది దాచలేదు. కలిసొచ్చింది ఉబుంటు అప్‌డేట్లలో. అవి ఇప్పటికీ ఎక్కువగా సీలు లేకుండానే వస్తాయి. ఒక కంప్యూటర్ దించుకుంటే మిగతా నాలుగింటికీ దాచిందే పోద్ది. రెండో లాభం, డిలే పూల్స్ అనే ఏర్పాటు. ఒకడు వీడియో పెట్టి మిగతా నలుగురి నోట్లో మట్టి కొట్టకుండా ఒక్కో కంప్యూటర్‌కి ఇంత స్పీడే అని కట్టడి చేయొచ్చు. నా లెక్కలో ఇదే అసలు లాభం. దీంతోపాటు కివిక్స్ అని ఇంకో ప్రోగ్రాం పెట్టుకోండి. తెలుగు వికీపీడియా మొత్తం ఒక ఫైలుగా దొరుకుతది. ఒకసారి దించి పెద్దపెట్టెలో పెడితే నెట్ లేని రోజు కూడా పిల్లలు చదువుకుంటారు. దానికోసం ఫైర్‌ఫాక్స్‌లో "నో ప్రాక్సీ ఫర్" గడిలో 192.168.10.1 రాయండి, అది ఇంట్లో సరుకు, దానికి మధ్య మనిషి అక్కర్లేదు.

సొంత లాప్‌టాప్ తెచ్చుకుని గదిలో సెట్ చేసుకునే వాళ్ళకి ఒక మాట. ఇంటికి పోయాక నెట్ రాదు. "ప్రాక్సీ సర్వర్ రిఫ్యూజింగ్ కనెక్షన్స్" అనో, అట్టాంటిదే ఇంకోటో వస్తది. కంగారు పడొద్దు. మీ బ్రౌజర్ అక్కడ లేని పెద్దపెట్టె కోసం వెతుకుతా ఉంది, అంతే. నో ప్రాక్సీ అని మార్చుకోండి.

ఈ సెట్టింగ్ ఎక్కడుందో తెలియడం వల్ల మా బాబాయి కొడుక్కి 500 రూపాయలు మిగిలాయి. వాడి లాప్‌టాప్‌లో ఒక రోజు ఏ సైటూ రాలేదు. ఫోన్‌లో నెట్ బాగానే ఉంది. రిపేరు షాపులో ఫార్మాట్ కొట్టాలి, అయిదొందలు అన్నారు. తెచ్చి నా ముందు పెట్టాడు. చూస్తే ప్రాక్సీ గడిలో 127.0.0.1 అని, పక్కన ఏదో పోర్టు. వాడు పెట్టింది కాదు. సినిమాలు దించే ఉచిత ప్రోగ్రాం ఒకటి వేసుకున్నాడు, అది చెప్పకుండా లోపల ఒక ప్రాక్సీ పెట్టి వాడి బ్రౌజింగ్ అంతా తన గుండా తిప్పుకుంది. యాంటీవైరస్ ఆ ప్రోగ్రాంని తీసేసింది గానీ సెట్టింగ్ అట్టాగే మిగిలిపోయింది. తలుపు పోయింది, తలుపు నంబరు మిగిలింది. ఆఫ్ చేస్తే నెట్ వచ్చేసింది.

ఇట్టాంటిది చిన్న చిన్న ప్రోగ్రాములే చేస్తాయనుకోవద్దు. 2015 ఫిబ్రవరిలో లెనోవో కంపెనీ లాప్‌టాప్‌ల సంగతి ప్రపంచమంతా బయటపడింది. కొత్త లాప్‌టాప్‌లలోనే సూపర్‌ఫిష్ అనే ప్రోగ్రాం వేసి అమ్మారు. అది కంప్యూటర్ లోపలే ప్రాక్సీలా కూర్చుని, సీలు వేసిన కవర్లని కూడా విప్పి, మధ్యలో ప్రకటనలు పెట్టి, మళ్ళీ తన సీలు వేసి ఇచ్చేది. ఆ దొంగ సీలుని కంప్యూటర్ నమ్మేటట్టు ముందే ఒక సర్టిఫికెట్ ఎక్కించారు. పైగా అన్ని లాప్‌టాప్‌లలో ఒకటే తాళంచెవి, దాన్ని నిపుణులు బయటికి తీసేశారు. అంటే బ్యాంకు సైటు తెరిచినా, పక్కన అదే వైఫైలో ఉన్న దొంగ ఆ తాళంచెవితో చూసే వీలుంది. అందుకే చెబుతున్నా. నెట్ సెంటర్‌లో గానీ, హాస్టల్‌లో గానీ, "ఈ సర్టిఫికెట్ ఇన్‌స్టాల్ చేసుకో, అప్పుడే నెట్ వస్తది" అంటే మీ సొంత ఫోన్‌లో, లాప్‌టాప్‌లో ఒప్పుకోవద్దు. స్కాలర్‌షిప్ ఫారం, కౌన్సెలింగ్‌లో కాలేజీల ఆప్షన్లు పెట్టుకునే పాస్‌వర్డ్, ఆధార్, అన్నీ ఆ కవర్లోనే పోతాయి. మా గదిలో స్క్విడ్‌తో కవర్లు విప్పే పని చేయలేదు, చేయం.

ఇక తగాదా.

కవరు విప్పకపోయినా కవరు మీద సైటు పేరు కనపడతదని చెప్పా కదా. స్క్విడ్ దాన్ని ఊరికే చూసి వదలదు, రాస్తది. యాక్సెస్ లాగ్ అని ఒక ఫైలు. ఎన్ని గంటలకి, ఏ కంప్యూటర్, ఏ సైటు, ఎంత డేటా, ఒక్కో దానికి ఒక్కో వరస. మేం అడగలేదు, అది పుట్టుకతోనే రాస్తది. మన భాషలో చెప్పాలంటే చిట్టా. అందులో మనిషి పేరు ఉండదు, కంప్యూటర్ నంబరే ఉంటది. కానీ మా గదిలో ఎవరు ఏ టైములో ఏ కంప్యూటర్ దగ్గర కూర్చున్నారో రాసే నోటుపుస్తకం ఉంది, పిల్లలు కొట్టుకోకుండా పెట్టింది. రెండూ పక్కపక్కన పెడితే పేరు వచ్చేస్తది.

ఒక రోజు మూడో కంప్యూటర్‌లో ఏదో సైటు రావట్లేదంటే ఆ చిట్టా తెరిచా. ఏ సైటు ఎక్కడ ఆగిందో చూడాలంటే అదే దారి. వరసలు పోతా ఉంటే మధ్యలో ఒక పేరు కనపడింది. ఏ సైటో ఇక్కడ రాయను, రాస్తే ఈ పోస్టు రాసిన అర్థమే పోద్ది. బూతు కాదు, తప్పు కాదు. కష్టంలో ఉన్న మనిషి, ఇంట్లో చెప్పుకోలేని మనిషి తెరిచే సైటు. నోటుపుస్తకం పక్కనే ఉంది. నేను తెరవలేదు. అయినా ఆ గంటలో గదిలో ఎవరున్నారో కళ్ళతో చూసినవాడిని కదా, బుర్ర తనంతట తనే లెక్క కట్టబోయింది. ఫైలు మూసేశా.

ఇది జరిగిన వారంలోనే మామ వచ్చి కూర్చున్నాడు. ఇంటర్ పిల్లలకి మార్కులు తక్కువొచ్చాయని ఇద్దరు తల్లులు ఆయన దగ్గర గోల పెట్టారంట, గదిలో చదవట్లేదు, సినిమాలు చూస్తన్నారని.

"ఏరా అబ్బాయ్, అందులో ఎవరు ఏం చూశారో అంతా రాస్తదంటగా?"

"రాస్తది మామా."

"అయితే ఆ కాయితం తియ్యి. నెలనెలా గోడకి అంటిద్దాం. సిగ్గొచ్చి వాళ్ళే చదువుతారు."

గోడకి. నాకు నోట మాట రాలేదు కాసేపు. ఆయన చెడ్డవాడు కాదు. ఈ పిల్లల కోసం సొంత డబ్బు పెడుతున్నాడు, వాళ్ళు బాగుపడాలనే ఆయన బాధ. పైగా ఆయన వాదనలో బలం ఉంది. డేటా డబ్బులు చందాలవి, లెక్క అడిగే హక్కు ఆయనకుంది.

నేను అన్నా, "మామా, ఎంత డేటా అయిందో లెక్క ఇస్తా. ఎవరు ఎక్కడికి పోయారో ఇవ్వను." ఆయనకి కోపం వచ్చింది. "నా గదిలో నాకు తెలియకూడనిది ఏందిరా?" అన్నాడు. ఆ మాటకి మర్యాదగా జవాబు చెప్పడం కష్టం.

ఆ రాత్రే స్క్విడ్ ఫైల్లో యాక్సెస్ లాగ్ వరసకి ఎదురుగా "నన్" అని రాశా. అంటే ఇక రాయొద్దు అని. పాత చిట్టా చెరిపేశా. పొద్దున్నే పోయి మామకి నేనే చెప్పా, దాచలేదు. రెండు వారాలు ఆయన నాతో మాట్లాడలేదు. తాళాలు మాత్రం ఇంటి గూట్లో ఎప్పటిలాగే పెట్టేవాడు.

తర్వాత ఆదివారం పెద్దోళ్ళందరూ గది ముందు కూర్చున్నారు. నేను ఏవేవో చెప్పా, ప్రైవసీ అనీ, హక్కులనీ. ఎవరికీ ఎక్కలేదు. ఎక్కింది మా నాయనమ్మ మాట. ఆమె అడిగింది, "ఎవురు యాడికి పోయిందీ రాసి పెట్టే పుస్తకమా? మా నాయిన పేరు ఉన్నట్టాంటి పుస్తకమేనా?"

చిన్నవాళ్ళలో చాలామందికి ఇది తెలియదు కాబట్టి చెబుతున్నా. 1871లో తెల్లదొరలు నేరస్థ జాతుల చట్టం తెచ్చారు. 1911 చట్టంతో అది మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా వచ్చింది. మన ఎరుకలోళ్ళ పేర్లు రిజిస్టర్లకెక్కాయి. వేలిముద్రలు తీసుకున్నారు. దొంగతనం చేసినోడని కాదు, ఆ ఇంట్లో పుట్టాడని. వేళకి హాజరు చెప్పాలి. ఊరు దాటాలంటే పాసు. మాకు దగ్గర్లోనే ఉన్న స్టూవర్టుపురం అట్టా కట్టిన సెటిల్‌మెంటే, సాల్వేషన్ ఆర్మీ చేతికి ఇచ్చారు. మీనా రాధాకృష్ణ గారు దీని మీద ఇంగ్లీషులో పుస్తకం రాశారు, 2001లో వచ్చింది, దొరికితే చదవండి. దేశమంతటా ఆ చట్టం పోయింది 1952 ఆగస్టు 31న. అంటే స్వాతంత్ర్యం వచ్చిన అయిదేళ్ళకి.

మా నాయనమ్మకి సెక్షన్లు తెలియవు. వాళ్ళ నాయిన పక్క ఊళ్ళో పెళ్ళికి పోవాలన్నా ఎవరినో అడిగి, రాయించుకుని, తిరిగొచ్చి మళ్ళీ కనపడాల్సి వచ్చేదని తెలుసు. రాత్రి హాజరుకి జ్వరంతో లేచి పోయేవాడని తెలుసు. ఆమె మామ మీద అరవలేదు. "మన పిల్లల పేర్లు మనమే రాసుకుంటామా ఇప్పుడు?" అని అడిగి, చెంగుతో మూతి తుడుచుకుని లేచి పోయింది.

ఇక్కడ నా మనసులో మాట ఒకటుంది. పోలీసు రిజిస్టరూ, మామ అడిగిన కాయితమూ ఒకటి కాదు. ఆ తేడా నాకు తెలుసు. మామకి పిల్లల మీద ఉన్నది ప్రేమ, అక్కడ ఉన్నది అనుమానం. కానీ పుస్తకం తయారయ్యాక అది ఎవరి చేతికి పోద్దో రాసినోడి చేతిలో ఉండదు. మా గదికి రేపు ఇంకెవరో ఇన్‌చార్జి వస్తారు. ఆ చెల్లి, లేదా ఆ తమ్ముడు, తెరిచిన సైటు పేరు ఇంట్లోవాళ్ళ చేతికి పోతే ఏమయ్యేదో నేను ఊహించగలను. మామ ఊహించలేడు, ఎందుకంటే ఆయనకి ఆ వరస తెలియదు. తెలియజెప్పి ఒప్పించే వీలూ నాకు లేదు. ఈ తగాదాలో నన్ను ఎక్కువ బాధపెట్టింది అదే.

చివరికి కుదిరింది ఇట్టా. చిట్టా రాయడం ఆపే ఉంటది. రోజుకి మొత్తం ఎంత డేటా అయిందో డాంగిల్ లెక్క చూసి గోడ మీద రాస్తాం, అది గదికంతటికీ కలిపి ఒకే అంకె. యూట్యూబ్ మూసేద్దాం అని ఒకరన్నారు. పిల్లలు చదివే పాఠాలు సగం అందులోనే ఉన్నాయని డీఎస్సీకి చదివే అక్క ఒకామె గట్టిగా అడ్డం పడింది, దాంతో స్పీడు కట్టడి మాత్రం చేశాం. సినిమాల సైట్లు నాలుగైదు స్క్విడ్‌లోనే ఆపేశాం, ఏవి ఆపామో గోడ మీద రాసి మరీ. అన్నిటికంటే పనిచేసింది మా నాన్న అన్న మాట, "బావా, నీకంత అనుమానమైతే నువ్వే వచ్చి కూర్చోరాదూ." మామ వచ్చి కూర్చుంటున్నాడు ఇప్పుడు, సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది. మొదట్లో పిల్లల వెనక నిలబడి తొంగి చూసేవాడు. వారం తర్వాత అయిదో కంప్యూటర్ ఆయనదైపోయింది, పేపర్లు చదువుతాడు. మొన్న నన్ను పిలిచి మెల్లగా అడిగాడు, "ఇది నేను చూసేది కూడా రాయదు కదరా?"

లాగ్ ఆపితే అంతా గుట్టుగా ఉంటదని కూడా అనుకోవద్దు. సిమ్ కంపెనీకి మా గది నుంచి ఏ సైట్లకి పోతున్నారో తెలుసుకునే వీలుంటది. కాకపోతే అక్కడ కనపడేది డాంగిల్ ఒక్కటే, ఎవరన్నది కనపడదు. బ్రౌజర్ హిస్టరీ వేరే సంగతి, అది ప్రతి కంప్యూటర్‌లో విడిగా ఉంటది. అందుకని పిల్లలకి ప్రైవేట్ విండో తెరవడం, అయిపోయాక మూసెయ్యడం నేర్పాం. కూర్చునేవాళ్ళ నోటుపుస్తకం వారానికోసారి చింపేస్తాం.

మా స్క్విడ్ ఫైలు కావాల్సిన వాళ్ళు కింద కామెంట్లో చెప్పండి, పంపిస్తా. దగ్గర్లో ఉన్నవాళ్ళయితే గదికే రండి, కివిక్స్ ఫైలు పెద్దది కాబట్టి 16 జీబీ పెన్‌డ్రైవ్ తెచ్చుకోండి. మిరప కోతలప్పుడు సగం మంది ఊళ్ళో ఉండరు, అప్పుడు పగలు గది మూసి ఉంటది. సాయంత్రం ఆరుకి మామ తీస్తాడు.